పసివాడి గిన్నెలో పెద్దల చెంచా

సన్నబడాలని బాలామృతం తింటే ఏమవుతుంది?

పర్చూరు : నెల మొదట్లో అంగన్‌వాడీ నుంచి తెచ్చిన బాలామృతం సంచి ఇరవయ్యో తేదీకే అడుగంటితే ఇంట్లో ఎవరికైనా అనుమానం రావడం సహజం. "ఏందమ్మాయ్, మొన్ననే గదా తెచ్చింది, అప్పుడే అయిపోయిందా?" అని అత్తగారు అడుగుతుంది. "మీ మనవడు బాగానే తింటన్నాడులే అత్తయ్యా" అని కోడలు తల వంచుకుని జవాబు చెబుతుంది. మనవడు ఏం తింటున్నాడో అత్తగారికి తెలుసు. చంకలో ఉన్నవాడి బరువు ఆమె చేతులకు తెలియకుండా ఉంటుందా?

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. పసిపిల్లల పిండిని పెద్దవాళ్లు నాలుగు చెంచాలు నోట్లో వేసుకోవడం మన ఊళ్లలో కొత్త సంగతేమీ కాదు. పాలపొడి డబ్బా మూత తీసి దొంగచాటుగా బుగ్గన వేసుకోని పిల్లలుంటారా? కొత్త సంగతల్లా ఒకటే. ఒకప్పుడు రుచి కోసం తినేవారు. ఇప్పుడు సన్నబడటం కోసం తినేవారు బయలుదేరారు. చంటిబిడ్డ తినే ఆహారం తేలిక, అది తింటే ఒళ్లు రాదు, అన్నం మానేసి పూటకో గిన్నె అది తాగితే చాలునన్నది వీరి లెక్క. చెప్పుకోవడానికి బాగానే ఉంది గాని, కాటా మీద పెట్టి చూస్తే ఈ లెక్క తలకిందులవుతుంది.

నల్లరేగడి నేలల ఊళ్లలో ఒళ్లు తగ్గించుకోవాలన్న మాట వినిపించడమే ఒక విశేషం. మిరప కోతకు, పత్తి తీతకు తెల్లవారకముందే సద్ది కట్టుకుని వెళ్లి, పొద్దు వాలేవరకు నడుము వంచి పనిచేసే ఆడకూలీకి ఒళ్లు తగ్గించుకోవాల్సిన అవసరం ఏముంటుంది? భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం, బరువైన పని చేసే ఆడమనిషికి రోజుకు 2,720 కాలరీల తిండి కావాలి. కూర్చుని పనిచేసే ఆడమనిషికి 1,660 చాలు. మగవారి విషయంలో ఈ అంకెలు 3,470, 2,110. అంటే కల్లంలో కాయలు ఏరే మనిషి కొట్లో కూర్చునే మనిషిగా మారినప్పుడు, రోజుకు 1,060 కాలరీల తిండి, దాదాపు ఒక పూట భోజనం కంటే ఎక్కువే, అక్కర లేకుండా పోతుంది. కాని కంచం మాత్రం చిన్నది కాదు. అదే అన్నం కుంభం, అదే పచ్చడి, దాని మీద అదే నెయ్యి. నడక పోయి మోటారు సైకిలు వచ్చింది. రోలు పోయి మిక్సీ వచ్చింది. ఆకలి మాత్రం పాత అలవాటు మీదే నడుస్తున్నది.

2019 - 21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో నూటికి 36.3 మంది, పురుషుల్లో 31.1 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నట్లు తేలింది. అదే సర్వే మరో మాట కూడా చెప్పింది. రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31.2 మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ఒకే రాష్ట్రంలో, ఒక్కోసారి ఒకే ఇంటి కప్పు కింద, పెద్దలు పెరిగిపోతున్నారు, పిల్లలు గిడసబారిపోతున్నారు. ఇట్టి పరిస్థితిలో పిల్లవాడి గిన్నెలోది పెద్దల నోటికి పోతే ఇద్దరికీ చెరుపే.

అమెరికా వారి సీసాలు

చంటిపిల్లల తిండితో సన్నబడాలన్న ఈ వెర్రి మన దేశంలో పుట్టింది కాదు. 2010 ప్రాంతంలో అమెరికాలో ఇది పెద్ద ఎత్తున ప్రచారంలోకి వచ్చింది. సినిమా తారలకు వ్యాయామం నేర్పే ట్రేసీ ఆండర్సన్ అనే ఆమె పేరుతో ఈ పద్ధతి పత్రికలకు ఎక్కింది. రోజుకు పద్నాలుగు చిన్న సీసాల పిల్లల తిండి, రాత్రికి ఒక్క పూట మామూలు భోజనం - ఇదీ పద్ధతి. ఫలానా తార ఇలాగే సన్నబడిందట అని వార్తలు వచ్చాయి. అలా పేరు వినిపించిన జెనిఫర్ ఆనిస్టన్ తాను అటువంటి పని చేయలేదని చెప్పవలసి వచ్చింది. అయినా వార్త ఆగలేదు. వార్తలకు కాళ్లుంటాయి గదా!

ఆ సీసాల్లో ఏముంటుందో తెలుసుకుంటే అసలు కిటుకు బోధపడుతుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రీమాంట్ అనే చిన్న ఊళ్లో డొరొతీ గెర్బర్ అనే ఇల్లాలు తన కూతురి కోసం బఠాణీలు ఉడికించి, మెదిపి, గుడ్డలో వడకట్టేది. భర్త కుటుంబానికి కూరగాయల డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. ఈ చాకిరీ ఫ్యాక్టరీలో ఎందుకు చేయకూడదని ఆమె అడిగింది. 1928లో ఆ కంపెనీ పిల్లల తిండి అమ్మకం మొదలుపెట్టింది. అక్కడ ఆ పేరుతో అమ్మేది ప్రధానంగా ఉడికించి మెదిపిన క్యారట్, బఠాణీ, గుమ్మడి, ఆపిల్. అందులో ఎక్కువ భాగం నీరే. అందుకే సీసాకు 20 నుంచి 100 కాలరీలకు మించి ఉండవు.

పెద్దవాళ్లకు ఈ సీసాలు అమ్మాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. అదే గెర్బర్ కంపెనీ 1974లో ఒంటరిగా ఉండే పెద్దల కోసమని పిల్లల సీసాల వంటి సీసాల్లోనే మాంసం కూరలు, కూరగాయలు పెట్టి అమ్మబోయింది. పెద్దలెవరూ ముట్టుకోలేదు. ఒంటరిగా బతుకుతున్నామన్న బాధ చాలదన్నట్లు చంటిపిల్లల సీసాలోంచి చెంచాతో తినడమా అనుకున్నారు కాబోలు, సరుకు కొట్లలోనే ఉండిపోయింది. కంపెనీ దాన్ని వెనక్కు తీసుకుంది.

మన దగ్గర పిల్లల తిండి అంటే ఇది కాదు. ఇక్కడే ఉంది తిరకాసు. పర్చూరు సెంటరులో ఏ మందుల షాపులో అడిగినా పిల్లల తిండి అంటే డబ్బాలో పిండి చేతికిస్తారు. అంగన్‌వాడీలో అయితే సంచిలో పిండి. రెండూ నీరు తీసేసిన, చిక్కదనం కట్టిన సరుకులే. అమెరికా ఆమె నూరు గ్రాముల క్యారట్ ముద్ద తింటే నలభై కాలరీల లోపు వస్తే, ఇక్కడ నూరు గ్రాముల పిండి తింటే నాలుగు వందలు వస్తాయి. పేరు ఒకటే, సరుకులు రెండు. పేరు చూసి పద్ధతి అరువు తెచ్చుకున్నవారికి చేటు జరగక ఏమవుతుంది?

సంచిలో ఏముంది?

ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బాలామృతం కూర్పు చూద్దాం. నూటికి 55 పాళ్లు వేయించిన గోధుమ, 5 పాళ్లు శనగపప్పు, 10 పాళ్లు పాలపొడి, 10 పాళ్లు నూనె, 20 పాళ్లు పంచదార. నూరు గ్రాముల్లో 414 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు బిడ్డకు నెలకు రెండున్నర కిలోలు ఇవ్వాలన్నది ఏర్పాటు, అంటే రోజుకు నూరు గ్రాముల చొప్పున 25 రోజులకు.

ఇది ఎందుకిలా చేశారు? పసిబిడ్డ కడుపు చాలా చిన్నది. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుందని అంచనా. ఎనిమిది కిలోల బిడ్డకు పావు లీటరు లోపు, అంటే ఒక గ్లాసెడు. ఆ గ్లాసెడు చోటులోనే వాడి ఎదుగుదలకు కావలసిందంతా పట్టించాలి. పుట్టినప్పటి బరువు ఐదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు వెయ్యి కాలరీలు కావాలి. చూడటానికి తల్లి అవసరంలో సగానికి పైమాటే, కడుపు చూస్తే తల్లి పిడికిలంత. అందుకే పిల్లల పిండిలో నూనె, పంచదార, పాలపొడి కుక్కుతారు. కొద్ది తిండిలో ఎక్కువ బలం పట్టించే విద్య అది. సన్నబడాలనుకునే మనిషికి కావలసింది సరిగ్గా దీనికి తిరగబడ్డ తిండి - చూడటానికి ఎక్కువ, బలానికి తక్కువ, నమలడానికి ఆలస్యం.

లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో బాలింత పొద్దున ఇడ్లీ మానేసి రెండు నిండు చెంచాల బాలామృతం, సాయంత్రం బజ్జీ మానేసి మరో రెండు చెంచాలు తింటున్నదనుకుందాం. నిండు చెంచా పది గ్రాములనుకుంటే రోజుకు 40 గ్రాములు. కాలరీలు 166. ఓ మోస్తరు ఇడ్లీలో 60 కాలరీలకు అటూ ఇటూ ఉంటాయి. అంటే నాలుగు చెంచాలు దాదాపు మూడు ఇడ్లీలకు సమానం. మూడు ఇడ్లీలు తిన్నవాళ్లకు కడుపు నిండినట్లన్నా ఉంటుంది. నాలుగు చెంచాల పిండి గొంతు దిగగానే ఎక్కడికి పోయిందో తెలియదు. పైగా అందులో 8 గ్రాముల పంచదార ఉంది. టీలో పంచదార మానేశానని గొప్పగా చెప్పుకునే మనిషి ఇలా రెండు చెంచాల పంచదార చాటుగా తిన్నట్లే.

ఇక పిల్లవాడి వైపు లెక్క. రోజుకు 40 గ్రాముల చొప్పున నెలకు 1,200 గ్రాములు. సంచిలో ఉన్నదే 2,500 గ్రాములు. దాదాపు సగం సంచి తల్లి పాలబడింది. వాడి వంతు నూరు గ్రాములు కాస్తా యాభై గ్రాములకు దిగింది.

డబ్బా పిండి సంగతీ ఇంతే. గోధుమ, పాలు, పంచదార కలిపి పిల్లల పిండి తయారు చేసే పద్ధతి 1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే మొదలుపెట్టినప్పటి నుంచి పెద్దగా మారలేదు. ఆ కంపెనీ మన దేశంలో అమ్మే సెరిలాక్‌లో ఒక్కో వడ్డనకు సగటున మూడు గ్రాముల దాకా పంచదార కలుపుతున్నారని, ఐరోపాలోని ధనిక దేశాల్లో అదే సరుకును పంచదార లేకుండా అమ్ముతున్నారని 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ బయటపెట్టింది. పెద్ద దుమారం లేచింది. పంచదారను గత కొన్నేళ్లలో బాగా తగ్గించామని కంపెనీ చెప్పుకుంది. అదే ఏడాది పంచదార లేని రకాలను కూడా ప్రకటించింది. పంచదార ఉన్నా లేకపోయినా నూరు గ్రాముల పిండిలో నాలుగు వందల కాలరీలకు అటూ ఇటూగానే ఉంటాయి. పాలడబ్బా పొడి అయితే కొవ్వు వల్ల ఐదు వందలకు దగ్గరపడుతుంది.

పాలడబ్బా అంటే గుర్తుకు వచ్చే సంగతి ఒకటుంది. గేదెపాలతో పిల్లల పాలపొడి చేయడం సాధ్యం కాదని, అందులో కొవ్వు ఎక్కువ, విరుగు గట్టిదని పైదేశాల నిపుణులు ఒకప్పుడు వాదించేవారు. 1950లలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అది తప్పని నిరూపించారు. ఆ పద్ధతితోనే గుజరాత్‌లోని ఆనంద్ పాల సహకార సంఘం అమూల్ పేరుతో పిల్లల పాలపొడి తయారు చేసింది. గేదెను నమ్ముకున్న ఈ జిల్లాల రైతులకు తెలిసి ఉండవలసిన సంగతి ఇది. బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి చూసి 'గ్లాక్సో బేబీలా ఉన్నాడే' అని మన ఇళ్లలో ముద్దు చేసిన కాలం కూడా ఎందరికో గుర్తుండే ఉంటుంది. పిల్లవాణ్ణి బొద్దు చేస్తుందని కొన్న డబ్బాయే తల్లిని సన్నం చేస్తుందని నమ్మడం ఏం తర్కమో అర్థం కాదు.

రెండేళ్లలోపు పిల్లల తిండికి ప్రకటనలు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం, 2003లో దానికి చేసిన సవరణ నిషేధించాయి. తల్లిపాలకు మించింది లేదన్న హెచ్చరిక డబ్బా మీద ఉండి తీరాలి. పెద్దలు తినడం గురించి మాత్రం చట్టంలో ఏమీ లేదు. అటువంటి రోజు వస్తుందని చట్టం రాసినవారు అనుకుని ఉండరు.

బాలింతలే ఎక్కువ జాగ్రత్త పడాలి

ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఆందోళన కలిగించేది బాలింతల సంగతి. కాన్పు తర్వాత ఒళ్లు వచ్చిందని, పెళ్లినాటి జాకెట్లు పట్టడం లేదని బాధపడని ఆడపిల్ల ఉండదు. చుట్టాలు ఊరుకోరు. పసిబిడ్డను చూడవచ్చిన ప్రతివారూ "ఏమే, ఇంత లావయ్యావేంది?" అని పలకరించి పోతారు. బిడ్డ ఎన్ని కిలోలున్నాడని అడిగేవారి కంటే తల్లి ఎంత లావయిందని అడిగేవారే ఎక్కువ. ఆ మాట పడలేక అన్నం తగ్గించి, బిడ్డ పిండితో సరిపెట్టుకునే ఆలోచన పుడుతుంది. పిండి ఎలాగూ ఇంట్లో ఉంది, ఊరికే వచ్చింది, వండే పని లేదు, ఎవరూ చూడరు.

పాలిచ్చే తల్లికి తిండి తగ్గించడం కాదు, పెంచవలసి ఉంటుంది. మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కాలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కాలరీలు కావాలన్నది జాతీయ పోషకాహార సంస్థ వారి లెక్క. కాన్పులో ఒంటికి పట్టిన కొవ్వు కొంత పాల రూపంలో బిడ్డకు పోవడం కోసమే ప్రకృతి దాచి ఉంచింది. బిడ్డకు పాలిస్తూ, కడుపు నిండా తిని, ఇంటి పనులు చేసుకుంటూ ఉంటే నెమ్మదిగా అదే కరుగుతుంది. అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర మానేసి పిండి చెంచాలతో గడిపితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. తర్వాత జుట్టు రాలుతుంది, కళ్లు తిరుగుతాయి. రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారని కూడా ఆ సర్వేయే చెప్పింది. ఉన్న కొద్దిపాటి రక్తానికీ ఇది ఎసరు.

బిడ్డ పిండిలో ఇనుము, విటమిన్లు కలిపారు గదా అని కొందరు వాదించవచ్చు. కలిపిన మాట నిజమే. అది పది కిలోల బిడ్డకు సరిపోయే కొలత. యాభై ఐదు కిలోల తల్లికి అది ఏ మూలకు?

షుగరు ఉన్నవారి సంగతి మరీ ప్రమాదం. మెత్తగా దంచి, వేయించి, అరగడానికి వీలుగా చేసిన పిండి నోట్లో పడీ పడగానే చక్కెరగా మారి రక్తంలోకి ఎక్కుతుంది. ఎక్కినంత వేగంగానూ దిగుతుంది. దిగగానే మళ్లీ ఆకలి. చిన్నపిల్లలు రెండు గంటలకోసారి ఏడవడంలో ఆశ్చర్యం ఏముంది?

అన్నట్లు, పళ్లూడిన ముసలివారు, జ్వరం పడి లేచినవారు, నోరు పూసి కారం ముట్టలేనివారు నాలుగు రోజులు ఈ పిండి జావ తాగితే తప్పు లేదు. కారం లేనిదే ముద్ద దిగని ఈ మిరప సీమలో నోరు పూసిన మనిషి అవస్థ తెలిసిందే. చిక్కిపోయిన ముసలమ్మకు కొద్ది తిండిలో ఎక్కువ బలం కావాలి కాబట్టి, పసిబిడ్డ తిండి ఆమెకూ పనికివస్తుంది. కాకపోతే డబ్బు పెట్టి కొనుక్కోవాలి గాని మనవడి సంచిలో చెయ్యి పెట్టకూడదు.

ఉగ్గుగిన్నె నాటి మాట

డబ్బాలు రాకముందు మన ఇళ్లలో బిడ్డలకు ఉగ్గు పెట్టేవారు. బియ్యం, పెసరపప్పు కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వగా విసిరి, ఉడికించి, నెయ్యి వేసి ఉగ్గుగిన్నెతో పట్టేవారు. రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి విసిరి జావ కాచేవారు. మొలకెత్తించడం ఎందుకో ఆ ముసలమ్మలను అడిగితే "అలా చేస్తే జారుగా ఉంటది, పిల్లాడు గుటుక్కున మింగుతాడు" అని చెప్పేవారు. శాస్త్రమూ అదే చెబుతున్నది. మొలకెత్తిన గింజలో అమైలేజ్ అనే పదార్థం పుట్టి పిండిని విరగ్గొడుతుంది, దాంతో జావ పలచబడుతుంది. పలచబడింది కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పోయవచ్చు, బిడ్డకు ఎక్కువ బలం అందుతుంది. ఇంత కిటుకు చదువురాని చేతుల్లో ఉండేది.

జాతీయ పోషకాహార సంస్థ వారు చిక్కిపోయిన పిల్లల కోసం తయారు చేసిన 'హైదరాబాద్ మిక్స్' కూడా ఇంటి సరుకులతోనే. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ పప్పు 10, బెల్లం 20. వేయించి, దంచి కలుపుకోవడమే. ఈ 86 గ్రాముల్లో 330 కాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఎండిపోయిన బిడ్డలకు ఒళ్లు పట్టించడానికే దీన్ని తయారు చేశారన్నది గమనార్హం. పిల్లల తిండితో ఒళ్లు తగ్గుతుందనేవారికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

మరి ఒళ్లు తగ్గవలసిన మనిషి సాయంత్రం పూట ఆకలికి ఏం తినాలి? దీనికి అమెరికా దాకా పోనక్కరలేదు, పొలం గట్టు దాకా పోతే చాలు. ఈ నల్లరేగడిలో పొగాకు, పత్తి తర్వాత రైతులు పట్టుకున్న పంట శనగ. 1999లో విడుదలైన జెజి - 11 రకం వచ్చాక ఉమ్మడి ప్రకాశం జిల్లాలో శనగ సాగు ఎంతగా పెరిగిందో, కోల్డ్ స్టోరేజీల్లో మూటలు ఎంత ఎత్తున పేరుకున్నాయో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. వేయించిన శనగలు ముప్పై గ్రాములు, అంటే ఒక గుప్పెడు తింటే 110 కాలరీలు, దాదాపు 7 గ్రాముల మాంసకృత్తులు. ముప్పై గ్రాముల బాలామృతంలో కాలరీలు 124, మాంసకృత్తులు మూడు గ్రాములకు కాస్త పైన. శనగలు నమలడానికి పది నిమిషాలు పడుతుంది, దవడలు నొప్పి పుడతాయి, ఆకలి చల్లబడుతుంది. ఉడికించి గుగ్గిళ్లు చేసుకుంటే నీరు పట్టి ఇంకా కడుపు నిండుతుంది. పండిన శనగంతా మూటలు కట్టి బేరానికి పంపి, ఇంటికి డబ్బా పిండి కొనుక్కొచ్చుకునే మనిషిని చూస్తే నవ్వు రాక మానదు.

జామకాయ నూరు గ్రాములకు 50 కాలరీలు. పలచని మజ్జిగ పెద్ద గ్లాసుడు తాగినా 30. రాగి పిండి 20 గ్రాములు వేసి మజ్జిగ పోసి కాచిన జావ నూరు లోపే. మెత్తటి తిండే కావాలని పట్టుబట్టేవారుంటే సొరకాయ ఉంది. నూరు గ్రాముల్లో 12 కాలరీలకు మించవు. ఉడికించి, మెదిపి, ఉప్పు, మిరియం వేసుకుంటే అమెరికా తారల సీసా తిండికి ఏమీ తీసిపోదు, దొడ్లో పాదు ఉంటే ఖర్చు కూడా లేదు. అయితే ఇది చెప్పినంత తేలికగా ఎవరూ వినరు. దొడ్లో కాసిన దానికి విలువ తక్కువ. 2017 - 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపినప్పుడు ఊళ్లలో సైతం జనం దాని గురించే చెప్పుకున్నారు. అంతకుముందు మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పులేని తిండి. ఒక పద్ధతి పోగానే మరొకటి వస్తుంది. వాటి మంచి చెడ్డలు వేరే సంగతి. ఆ పద్ధతుల్లో మనిషి తన కంచంలోది తాను మార్చుకున్నాడు, పక్కవాడి గిన్నె జోలికి పోలేదు.

బాలామృతం పక్కదారి పట్టడం ఒక్క పెద్దల నోటితో ఆగలేదన్నది కూడా చెప్పుకోవాలి. పిల్లలకు పోవలసిన సంచులు పశువుల దాణాగా మళ్లుతున్నాయని తెలంగాణలో పలుమార్లు పత్రికలకు ఎక్కింది. ఆ సంచి ఊరికే వస్తున్నదన్న చులకన భావమే దీనికంతటికీ మూలం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఈనాడు ఊరూరా అంగన్‌వాడీల రూపంలో ఉంది. ఊరికే వచ్చిందనుకునే ఆ సంచి వెనుక యాభై ఏళ్ల శ్రమ ఉంది.

ఇంట్లో బిడ్డ వంతు బిడ్డకు పోతున్నదా లేదా అని అత్తాకోడళ్లు పోట్లాడుకోనక్కరలేదు. అంగన్‌వాడీలో బిడ్డను తూచే కాటా ఉంటుంది. ఎదుగుదల కార్డులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు ఉంటాయి. బిడ్డ జబ్బకు చుట్టి చూసే టేపు ఉంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పసుపు, 11.5కు తగ్గితే ఎరుపు. నెల నెలా తీసుకెళ్లి తూయించి, కార్డులో చుక్క పెట్టించుకుంటే చుక్క పైకి పోతున్నదో, అక్కడే నిలబడిందో కళ్ల ముందే కనపడుతుంది. చుక్క నిలబడిపోయిన ఇంట్లో సంచి మాత్రం ఇరవయ్యో తేదీకే ఖాళీ అయితే, అప్పుడు అత్తగారు అడగవలసిన ప్రశ్న వేరే ఉంటుంది. పత్తి తూచే కాటా మీద నిలబడి తన బరువు చూసుకునే కోడలికి ఆ చుక్క సంగతి చెప్పవలసింది కూడా ఆమే.